మానేసినవాళ్లని ఎవరూ అడగరు

అమెరికా యూనివర్సిటీల్లో ఫ్రాటర్నిటీల్నీ సొరోరిటీల్నీ అదుపులో పెట్టడానికి రూల్స్‌కి కొదవేం లేదు. పార్టీకి ఎంతమంది రావచ్చు, మందు ఎవరు పొయ్యాలి, ఎంత ఘాటు దాకా ఫర్వాలేదు, కొత్తగా చేరేవాళ్లకి మార్కులెన్ని ఉండాలి, ఏ సెమిస్టర్లో చేర్చుకోవాలి, అన్నిటికీ పేజీలకి పేజీలు రాసిపెట్టారు. ఎవరో ఒక పిల్లాడు పోయినప్పుడల్లా ఇంకొన్ని పేజీలు చేరతాయి. ఇన్ని పేజీల్లోనూ ఒక ఊహ మాత్రం చెక్కు చెదరలేదు: దెబ్బ తిన్నవాళ్లు వచ్చి ఫిర్యాదు చేస్తారు, అప్పుడు మనం చర్య తీసుకుంటాం అన్నది. నేను చెప్పేదేమిటంటే, వాళ్లు రారు. భయపడి రాకపోవడం కొంత ఉంది. అంతకన్నా పెద్ద కారణం, ఆ చేరడం అనేది వాళ్లకి కావాలి. కావలసినదాన్ని చేతులారా ఎవరు చెడగొట్టుకుంటారు?

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఇవి గ్రీకు అక్షరాల పేర్లు పెట్టుకున్న విద్యార్థి సంఘాలు. మగపిల్లలవి ఫ్రాటర్నిటీలు (వాడుకలో ఫ్రాట్‌లు), ఆడపిల్లలవి సొరోరిటీలు. ఒక్కో యూనివర్సిటీలో ఉండే శాఖని చాప్టర్ అంటారు. ఈ అక్షరాల ఆనవాయితీ 1776లో వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కాలేజీలో ఫై బీటా కప్పాతో మొదలైంది. చేరాలనుకున్నవాళ్లు 'రష్' అనే ఎంపిక కార్యక్రమాలకి వెళ్తారు, నచ్చితే సంఘం 'బిడ్', అంటే చేరమని ఆహ్వానం, ఇస్తుంది, ఆ తర్వాత కొన్ని వారాల పాటు 'ప్లెడ్జ్'గా ఉండాలి, చివర్లో పూర్తి సభ్యత్వం. ఆ మధ్యలోని కొన్ని వారాల్లో జరిగే హింసకే ఇక్కడ హేజింగ్ అని పేరు. ఎమ్మెస్‌కి వచ్చే మన పిల్లలకి వీటితో పెద్దగా పనిపడదు, వాళ్ల టెన్షన్లు వేరు. ఇక్కడే పుట్టి పెరిగి బ్యాచిలర్స్‌కి వెళ్లేవాళ్లలో మాత్రం చేరేవాళ్లు బాగానే ఉన్నారు. దక్షిణాసియా పిల్లలు సొంతంగా పెట్టుకున్నవే ఉన్నాయి: 1996లో యూనివర్సిటీ ఆఫ్ పెన్సిల్వేనియాలో మొదలైన సిగ్మా బీటా రో, 1998లో హ్యూస్టన్‌లో మొదలైన డెల్టా ఫై ఒమేగా లాంటివి. గుడి క్యాంటీన్లో ఇడ్లీ తింటూ "మావాడు ఏదో గ్రీకు క్లబ్బులో చేరాడండీ, నెట్‌వర్కింగ్‌కి మంచిదట" అనే తండ్రులు నాకు బాగానే తగులుతుంటారు.

వాళ్లలో నేనూ ఒకణ్ణి. మా అమ్మాయి సెకండియర్లో ఇలాంటి సొరోరిటీ ఒకదానిలో చేరింది. దాని పేరూ, యూనివర్సిటీ పేరూ రాయను. చేరడానికి ముందు రోజూ రాత్రి భోజనాల వేళకి ఫోన్ చేసేది. జనవరి దాటాక ఫోన్లు ఆగిపోయి, తెల్లవారుజామున మూడింటికి "ఆల్ గుడ్" అని మెసేజ్‌లు రావడం మొదలైంది. స్ప్రింగ్ బ్రేక్‌కి ఇంటికొచ్చినప్పుడు వంటగది గట్టు మీద చిన్న చిన్న అట్టముక్కలు పరిచి, పెదాలు కదుపుతూ ఏదో బట్టీ పడుతోంది. వ్యవస్థాపకుల పేర్లూ, ఏ చాప్టర్ ఏ తేదీన పుట్టిందీ, గ్రీకు అక్షరమాల. నేను గ్లాసు కోసం అటు వెళ్లేసరికి అట్టముక్కలన్నీ బోర్లించేసింది.

"ఎవరైనా ఏమైనా అంటున్నారామ్మా?" అని అడిగాను.

"చెప్పకూడదు నాన్నా. నాకు కావాలనే చేస్తున్నాను. మీరు యూనివర్సిటీకి ఫోన్లూ గట్రా చెయ్యకండి, ప్లీజ్. చేస్తే నా ఒక్కదానికే కాదు, మా లైన్ మొత్తానికీ పోతుంది."

లైన్ అంటే తనతోపాటు చేరుతున్న అమ్మాయిలు. అందరూ ఒకరి కోసం ఒకరు నోరు మూసుకోవాలి. సెమిస్టర్ చివర్లో వాళ్లని బయటి ప్రపంచానికి చూపించే ప్రోబేట్ షో జరిగింది, మమ్మల్ని పిలిచారు. వరసగా నిలబడి, అడుగు తప్పకుండా, గొంతు చించుకుని ఆ పేర్లన్నీ అప్పజెప్పారు. మా ఆవిడ వీడియో తీసి ఊళ్లో అందరికీ పంపింది. చెడ్డగా ఏం జరిగిందో, అసలు జరిగిందో లేదో నాకు ఇప్పటికీ తెలీదు, ఆ అమ్మాయిలు ఈరోజుకీ దానికి అక్కచెల్లెళ్లలాగే ఉన్నారు, అది కూడా చెప్పాలి. ఒక్కటి మాత్రం పట్టుకుంది. మొదట్లో దాని మాటల్లో తరచూ వినపడ్డ ఒకమ్మాయి స్టేజీ మీద లేదు. అడిగితే "తను డ్రాప్ అయింది" అంది. అంతకుమించి ఒక్క మాట రాలేదు.

ఆ రాత్రి యూనివర్సిటీ వెబ్‌సైట్లో ఆ సంఘం రికార్డు తీసి చూశాను. ఉల్లంఘనలు: ఏమీ లేవు. అంటే ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదని. అంతకన్నా దానికి అర్థం లేదు.

ఇక్కడ మన ర్యాగింగ్‌తో పోల్చి చూడకుండా ఉండలేను. నేను కోస్తాలో ఇంజనీరింగ్ చదివింది తొంభైల్లో. సీనియర్ ఎదురుపడితే షర్టు మూడో గుండీ మీదనుంచి చూపు ఎత్తకూడదు. రాత్రిపూట తలుపు కొట్టి వాళ్ల ల్యాబ్ రికార్డులు మా చేత రాయించుకునేవాళ్లు. ఫ్రెషర్స్ డే అయ్యేదాకా ఇదే బతుకు. అయితే మాలో ఎవరూ ఆ సీనియర్ల సంఘంలో చేరతామని దరఖాస్తు పెట్టుకోలేదు. సీటొచ్చింది, హాస్టల్లో మంచమిచ్చారు, అంతే. ర్యాగింగ్ ఆగిపోతే మాకు పోయేదేమీ లేదు. అందుకే 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ర్యాగింగ్ నిషేధ చట్టం తెచ్చి, ఫిర్యాదు వచ్చినా పట్టించుకోని కాలేజీ పెద్దల్ని కూడా నేరానికి తోడ్పడ్డట్టే లెక్కగడతామన్నప్పుడు దానికొక తర్కం ఉంది. ఫిర్యాదు చేస్తే లాభపడేవాడు అక్కడ ఉన్నాడు. ఫ్రాట్‌లో ఆ మనిషి లేడు. ఫిర్యాదు నిజమని తేలితే మొదట మూతపడేది అతను చేరాలని కలలుగన్న ఇల్లే.

పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో, అంటే పెన్‌స్టేట్‌లో, జరిగింది దీనికి అన్నిటికన్నా స్పష్టమైన ఉదాహరణ. 2017 ఫిబ్రవరి 2, గురువారం రాత్రి. బీటా థీటా పై అనే ఫ్రాట్ హౌస్‌లో కొత్తగా బిడ్ తీసుకున్న 14 మందిని వరసలో నడిపిస్తూ, ఒక్కో మజిలీలో ఒక్కో రకం మందు తాగించారు. వాళ్లలో ఇంజనీరింగ్ సెకండియర్ చదివే తిమోతీ పియాజ్జా అనే 19 ఏళ్ల కుర్రాడు 82 నిమిషాల్లో 18 డ్రింకులు తాగాడని తర్వాత పోలీసులు లెక్క కట్టారు. తూలుతూ వెళ్లి నేలమాళిగ మెట్ల మీంచి పడ్డాడు. స్పృహ లేనివాణ్ణి మోసుకొచ్చి సోఫాలో పడుకోబెట్టారు. వెల్లకిలా తిరిగితే వాంతి గొంతుకి అడ్డం పడుతుందని, పుస్తకాలు నింపిన బ్యాగు వీపుకి తగిలించారు. అంటే ప్రమాదం ఏమిటో వాళ్లకి తెలుసు, దానికొక పద్ధతి కూడా కనిపెట్టి పెట్టుకున్నారు. ఆంబులెన్స్ పిలుద్దామన్న కుర్ర సభ్యుణ్ణి గోడకేసి తోశారు. తాగినవాడి చేతులూ కాళ్లూ చల్లబడితే ఏమవుతుందని ఫోన్లో వెతికారు. 911కి ఫోన్ వెళ్లింది మర్నాడు పొద్దున్న 10:48కి, దాదాపు 12 గంటల తర్వాత. పుర్రె పగిలింది, ప్లీహం చితికింది. ఫిబ్రవరి 4న చనిపోయాడు.

ఇవన్నీ ఎలా తెలిశాయంటే, ఆ ఇంట్లో కెమెరాలున్నాయి కాబట్టి. నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది ఇదే. 2009లో ఒకసారి ఆ చాప్టర్ మూతపడి తిరిగి తెరుచుకుంది. పూర్వ విద్యార్థులు కోట్లు పోసి ఇంటికి మరమ్మతు చేయించి, కెమెరాలు పెట్టించారు. కాగితం మీద అది మందు ముట్టని ఇల్లు. యూనివర్సిటీ క్రీడా విభాగంలో పనిచేసే పెద్దమనిషి ఒకాయన సలహాదారుగా ఆ ఇంట్లోనే గది తీసుకుని ఉన్నాడు. ఫ్రాట్‌ల మండలి డబ్బిచ్చి పెట్టుకున్న ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీ తనిఖీలకి తిరిగేది (తనిఖీ చేయించుకునేవాడే తనిఖీదారుకి జీతమివ్వడం ఏ లోకపు న్యాయమో). హేజింగ్ నిషేధం సరేసరి. కొత్తగా ఏ కమిటీ కూర్చున్నా సిఫారసు చేసేవి ఇవే కదా, అన్నీ ముందే ఉన్నాయి. ఆ రాత్రి వరసలో నడిచిన 14 మందిలో ఒక్కడు కూడా మధ్యలో బయటికొచ్చి యూనివర్సిటీకి ఫోన్ చెయ్యలేదు. చెయ్యాలని వాళ్లకి తట్టే అవకాశమే తక్కువ. ఆ రాత్రి వాళ్ల దృష్టిలో సంబరం, బిడ్ దొరికిన రోజు.

ఆ ఏడాది జూన్‌లో పెన్‌స్టేట్ చాలా మార్చింది. అప్పటిదాకా ఫ్రాట్‌ల తప్పొప్పులు ఫ్రాట్‌ల మండలే విచారించుకునేది. ఆ అధికారం యూనివర్సిటీ తీసుకుంది. ఒక్కో చాప్టర్ సెమిస్టర్‌కి 45 పార్టీల దాకా పెట్టుకోగలిగేది, దాన్ని 10కి దించారు. కొత్తవాళ్లని చేర్చుకోవడం వెనక్కి జరిపారు. ప్రతి చాప్టర్‌కీ ఒక స్కోర్‌కార్డు పెట్టి, సగటు మార్కులు, మద్యం కేసులు, హేజింగ్ కేసులు అందరికీ కనపడేలా ప్రచురించడం మొదలుపెట్టారు. ఆ కుర్రాడి తల్లిదండ్రులు పట్టువదలకుండా తిరిగి, 2018 అక్టోబర్‌లో అతని పేరు మీదే పెన్సిల్వేనియా చట్టం తెప్పించారు. చావుకో తీవ్ర గాయానికో దారితీసే హేజింగ్‌కి ఏడేళ్ల దాకా జైలు. ఆంబులెన్స్ పిలిచి పక్కనే ఉన్నవాణ్ణి శిక్షించకూడదన్న రక్షణ. కాలేజీలన్నీ ఉల్లంఘనల నివేదికలు బయటపెట్టాలి. కేసు మాత్రం నత్తనడక నడిచి, ఆనాటి చాప్టర్ నాయకులిద్దరికి జైలు శిక్ష పడేసరికి 2024 వచ్చింది. అదీ నెలల్లో లెక్కపెట్టే శిక్ష.

ఆ చట్టంలో ఒక మాట నాకు ముఖ్యం. బాధితుడు ఒప్పుకున్నాడన్నది నిందితుడికి సాకు కాదు అంటుంది. అంటే ఇష్టపడే వచ్చారు, ఇష్టపడే తాగారు అన్న విషయం చట్టం రాసినవాళ్లకి అర్థమైంది. ఆ ఇష్టాన్ని శిక్ష దగ్గర పక్కనపెట్టారు, బాగుంది. ఫిర్యాదు దగ్గర మాత్రం అదే ఇష్టం అడ్డుగోడలా అలాగే ఉంది. దాన్ని దాటే మార్గం ఎవరూ రాయలేదు.

యూనివర్సిటీలు ఎందుకు ఇంతకన్నా ముందుకి రావు? కోర్టు తీర్పుల్లో కొంత జవాబుంది. 1979లో బ్రాడ్‌షా కేసులో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు, ఈ కాలపు విద్యార్థులు పెద్దవాళ్లు, కాలేజీ వాళ్లకి కాపలాదారు కాదంది. కాలేజీలకి ప్రాణం లేచొచ్చింది. 1991లో డెలావేర్ సుప్రీంకోర్టు ఇంకోలా చెప్పింది. అక్కడ ఒక ప్లెడ్జ్ మీద పొయ్యి శుభ్రం చేసే క్షారపు రసాయనం పోశారు, ఒళ్లు కాలి మచ్చలు పడ్డాయి. హేజింగ్ గురించి యూనివర్సిటీకి తెలుసు, వద్దని హెచ్చరించింది, నియమాలు పెట్టింది, అంత తలదూర్చింది కాబట్టి బాధ్యత కూడా ఉంది అని కోర్టు తేల్చింది. లాయర్ల చెవికి ఇది ఎలా వినపడి ఉంటుందో ఊహించడం కష్టం కాదు: ఎంత ఎక్కువ చూస్తే అంత ఎక్కువ తలకి చుట్టుకుంటుంది. అప్పటినుంచి చాలా చోట్ల నడిచేది ఒక మధ్యేమార్గం. గుర్తింపు ఇస్తారు, బ్రోషర్లో ఫొటోలు వేస్తారు, పూర్వ విద్యార్థుల విరాళాలు తీసుకుంటారు. ఏదైనా జరిగితే మాత్రం "అవి ప్రైవేటు ఇళ్లు, స్వతంత్ర సంస్థలు" అంటారు. పెన్‌స్టేట్ కూడా అదే అంది. ఈ రెండు నాలుకల ధోరణి నాకు గిట్టదు. గుర్తింపిస్తే చూడాలి, చూడలేకపోతే గుర్తింపివ్వకూడదు.

సరే, గట్టిగా పట్టుకుంటే? పారిపోతారు. 2004లో కొలరాడో యూనివర్సిటీలో ఒక ప్లెడ్జ్ చనిపోయాక, కొత్తవాళ్లని వసంతం దాకా చేర్చుకోకూడదు, ప్రతి ఇంట్లో ఒక పెద్దమనిషి ఉండాలి అని బౌల్డర్‌లో ఒప్పందం పెట్టారు. ఫ్రాట్‌లు సంతకం పెట్టకుండా 2005లో యూనివర్సిటీతో తెగతెంపులు చేసుకుని, క్యాంపస్ పక్క కొండ మీది వీధుల్లో సొంత మండలి పెట్టుకున్నాయి. ఇప్పటికీ అలాగే నడుస్తున్నాయి. 2021లో డ్యూక్ యూనివర్సిటీలో చేరికల్ని సెకండియర్‌కి జరిపితే చాలా ఫ్రాట్‌లు బయటికి నడిచాయి. 2022లో లాస్ ఏంజలెస్‌లోని యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియాలోనూ అంతే. మత్తుమందు కలిపి లైంగిక దాడులు చేశారన్న ఆరోపణల తర్వాత, పార్టీ జరిగేటప్పుడు పడగ్గదులకి వెళ్లే దారుల్లో గార్డులుండాలని యూనివర్సిటీ పెట్టిన షరతు వాటికి రుచించలేదు. ఇల్లు వాళ్లది, వీధి ఊరిది, పిల్లలు మాత్రం యూనివర్సిటీవాళ్లు.

బౌల్డర్‌లో సొరోరిటీలు సంతకం పెట్టాయన్నది ఇక్కడ మరిచిపోకూడదు. ఆడపిల్లల సంఘాలు అన్నిచోట్లా ఎక్కువ అణకువగా ఉంటాయని దాన్ని చూసి మురిసిపోయేవాళ్లున్నారు. నాకది అంత సూటిగా కనపడదు. 26 పెద్ద సొరోరిటీల సమాఖ్యలోని సంఘాలు తమ ఇళ్లలో మందు ఉండకూడదన్న రూల్ ఎప్పటినుంచో పాటిస్తున్నాయి. దానివల్ల ఇన్సూరెన్స్ తగ్గుతుంది, ఇల్లు శుభ్రంగా ఉంటుంది, పార్టీ మాత్రం ఎదురింట్లో, మగపిల్లల గడపలో, వాళ్లు కలిపిన డ్రింకుతో, వాళ్ల గదుల పక్కన జరుగుతుంది. ఒక ఇంటి మీది రూల్ ప్రమాదాన్ని ఇంకో ఇంటికి జరిపింది. ఆడపిల్లల తండ్రిగా ఫ్రాట్‌ల మీది నిఘా నాకెందుకు ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు.

మొత్తానికి రద్దు చేసేస్తే పోలేదా అంటారు చాలామంది, మా ఇంట్లో కూడా. విలియమ్స్, బౌడిన్ లాంటి చిన్న కాలేజీలు ఆ పని చేసి నిలబడ్డాయి. అక్కడ పిల్లలందరికీ కాలేజీయే ఇళ్లు ఇవ్వగలదు, ఊరు చిన్నది. హార్వర్డ్ కొంచెం మెతకగా ప్రయత్నించింది. ఒక్క మగవాళ్లకో ఒక్క ఆడవాళ్లకో పరిమితమైన సంఘాల్లో చేరితే క్యాంపస్‌లో నాయకత్వ పదవులూ, పెద్ద స్కాలర్‌షిప్‌లకి సిఫారసులూ ఉండవని 2016లో ప్రకటించి, కోర్టు కేసుల్లో చిక్కుకుని 2020లో వెనక్కి తీసుకుంది. నలభై యాభై వేల మంది చదివే ప్రభుత్వ యూనివర్సిటీలో, సంఘం పెట్టుకునే హక్కు రాజ్యాంగమే ఇచ్చిన దేశంలో, రద్దు అనేది నినాదంగానే మిగులుతుంది.

రద్దు చేస్తే ఏమవుతుందో నల్లజాతి సంఘాల చరిత్ర ఇంకా బాగా చెబుతుంది. 1989లో మోర్‌హౌస్ కాలేజీలో ఒక విద్యార్థి చనిపోయాక, నేషనల్ పాన్‌హెలెనిక్ కౌన్సిల్ అనే నల్లజాతి సమాఖ్యలోని సంఘాలన్నీ కలిసి 1990లో ప్లెడ్జింగ్ అన్నదాన్నే ఎత్తేశాయి. పేరు మార్చి, కాలం కుదించి, దరఖాస్తూ ఇంటర్వ్యూ పద్ధతి పెట్టాయి. ఉద్దేశంలో లోపం లేదు. కానీ కాగితం మీద చేరినవాళ్లని తోటివాళ్లు సభ్యులుగానే ఒప్పుకోలేదు. దెబ్బలు తిని చేరినవాడే అసలు సభ్యుడన్న లెక్క పోలేదు. పాత తంతు రహస్యంగా ఇళ్లలోకీ మైదానాల్లోకీ వెళ్లింది. 1994లో మిస్సోరీలో ఒక కుర్రాడు దెబ్బలకి పోయాడు. ఆసియా విద్యార్థుల సంఘాలదీ ఇదే దారి. న్యూయార్క్ బరూక్ కాలేజీ పిల్లలు పై డెల్టా సై అనే ఫ్రాట్ తరపున 2013 డిసెంబర్‌లో పెన్సిల్వేనియాలోని పొకనో కొండల్లో ఇల్లు అద్దెకి తీసుకుని, మంచులో కళ్లకి గంతలు కట్టి, బరువు మోయించి, కిందపడేసి కొట్టే తంతు నడిపారు. ఫస్టియర్ కుర్రాడు ప్రాణం పోగొట్టుకున్నాడు. వలస కుటుంబాల పిల్లల కష్టాన్ని అనుభవించి తెలుసుకోవడమట ఆ తంతు ఉద్దేశం. కోర్టు ఆ సంస్థని పదేళ్ల పాటు పెన్సిల్వేనియాలో అడుగుపెట్టొద్దంది. బరూక్‌లో ఫ్రాట్ హౌస్‌లే ఉండవు. ఏ స్కోర్‌కార్డూ ఏ సెక్యూరిటీ గార్డూ ఆ కొండ మీద ఉండే వీలు లేదు. మన పిల్లలు చేరే సంఘాలు ఎక్కువగా ఇలాంటివే, ఇల్లూ ఆస్తీ లేని చిన్న సంఘాలు. పెద్ద ఫ్రాట్ హౌస్‌ల కోసం రాసిన రూల్స్ వీటికి అంటవు.

అందుకే నా దృష్టి ఇళ్ల మీదనుంచి మనుషుల మీదికి మళ్లింది. ప్లెడ్జింగ్ రహస్యాన్ని కళ్లారా చూసి, దాన్ని దాచవలసిన అవసరం తీరిపోయిన మనిషి ఎవరు? మధ్యలో మానేసినవాడు. చేరాలన్న ఆశ పోయింది, సంఘం మూతపడితే అతనికి నష్టం లేదు, లైన్‌లో మిగిలినవాళ్ల మీద మాత్రం ఇంకా అభిమానం ఉండొచ్చు. ఈ మనిషిని వెతకడం కష్టమా అంటే, కాదు. చాలా యూనివర్సిటీలు బిడ్ తీసుకున్నవాళ్ల పేర్లు సంఘాల నుంచి తెప్పించుకుంటాయి, మార్కుల అర్హత చూడాలి కదా. చివర్లో సభ్యులైనవాళ్ల జాబితా కూడా వస్తుంది. మొదటి జాబితాలోంచి రెండోది తీసేస్తే మిగిలేవి మానేసిన పిల్లల పేర్లు. ఒక ఉద్యోగి వాళ్లకి ఫోన్ చేసి, కాఫీకి పిలిచి, "ఎందుకు మానేశావు?" అని అడిగితే సరిపోతుంది. పేరు బయటికి రాదని రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి. నేను తిరగేసిన విధాన పత్రాల్లో హాట్‌లైన్లున్నాయి, ఆన్‌లైన్ ఫారాలున్నాయి, హేజింగ్ నివారణ వారోత్సవాలు కూడా ఉన్నాయి. ఈ ఒక్కటీ కనపడలేదు.

ఫిర్యాదు కోసం కాచుకోకుండా వెళ్లి అడగాలన్న ఆలోచన మనకేం కొత్త కాదు. 2009 మార్చిలో హిమాచల్‌లో ఒక మెడికల్ విద్యార్థి ర్యాగింగ్‌కి బలయ్యాక యూజీసీ తెచ్చిన నిబంధనల్లో, మొదటి మూడు నెలలూ పదిహేను రోజులకోసారి ఫస్టియర్ పిల్లల్లో పేర్లు అడగకుండా సర్వే చెయ్యాలని ఉంది. మన కాలేజీల్లో దాన్ని ఎంతమంది పాటిస్తున్నారంటే, తల్లిదండ్రులం మనం ఏటా చదవకుండా సంతకం పెట్టే ఆ అఫిడవిట్ గుర్తు తెచ్చుకుంటే చాలు. అమలు సంగతి ఎలా ఉన్నా, రాసినవాళ్లకి విషయం తెలుసు. భయపడేవాడు నీ దగ్గరికి రాడు, నువ్వే వెళ్లాలి.

దీనికి వచ్చే అభ్యంతరాలు తేలికైనవి కావు. పిల్లలు నూటొక్క కారణాలకి మానేస్తారు: ఫీజు కట్టలేక, మార్కులు పడిపోయి, విసుగొచ్చి. నిజమే, అడిగితేనే కదా ఏ కారణమో తెలిసేది. కోపంతో కల్పించి చెబుతారు అంటారు. ఒకడు కల్పించొచ్చు, ఒకరినొకరు కలవని ముగ్గురు మూడు వేర్వేరు సంవత్సరాల్లో ఒకే నేలమాళిగ గురించి చెబితే అది కల్పన కాదు. నన్ను ఇబ్బంది పెట్టే అభ్యంతరం వేరే ఉంది. మానేసినవాళ్ల లెక్క బయటపెడితే, ఆ లెక్క తగ్గించుకోవడానికి చాప్టర్లు పిల్లల్ని మానెయ్యనివ్వకుండా ఒత్తిడి పెట్టవా? పెడతాయి. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒకే సెమిస్టర్ అంకె కాకుండా కొన్నేళ్ల అంకెలు కలిపి వెయ్యడం, అంకె కన్నా ఆ ఫోన్ కాల్‌కే ఎక్కువ విలువివ్వడం, ఇంతవరకే ఆలోచించగలిగాను. యూనివర్సిటీని వదిలి కొండెక్కిన ఫ్రాట్‌లకి ఈ పద్ధతి ఎలాగూ అందదు, వాటి జాబితాలు ఎవరి దగ్గరా ఉండవు.

2024 డిసెంబర్ చివర్లో అప్పటి అధ్యక్షుడు బైడెన్ సంతకం పెట్టిన హేజింగ్ నిరోధక చట్టం వల్ల ఇప్పుడు దేశమంతా కాలేజీలు పారదర్శక నివేదికలు ప్రచురించాలి, ఏడాదికి రెండుసార్లు తాజా చెయ్యాలి. ఏ సంఘం, ఏం చేసింది, ఎప్పుడు, విచారణలో ఏం తేలింది, ఏం శిక్ష వేశారు. మంచి చట్టమే, నేను దాని వైపే. అయితే తప్పు రుజువైతేనే ఆ పట్టికలో వరస పడుతుంది, ఎవరో ఒకరు చెబితేనే రుజువుల దాకా వెళ్తుంది. పైగా ఆ పట్టిక యూనివర్సిటీ గుర్తింపు ఉన్న సంఘాలకే. ఖాళీ పట్టిక చూసి తల్లిదండ్రులు గుండెల మీద చెయ్యి వేసుకుని నిద్రపోతారేమోనని నా బెంగ.

పోయిన సెమిస్టర్ మా అమ్మాయి యూనివర్సిటీలో తల్లిదండ్రుల వ్యవహారాలు చూసే ఆఫీసుకి ఒక మెయిల్ పెట్టాను. ఒక్కో సంఘంలో బిడ్ తీసుకున్నవాళ్లెందరు, సభ్యులైనవాళ్లెందరు, ఈ రెండు అంకెలూ గత ఐదేళ్లవి చెప్పండి అని. దానికి ముందే అడిగాను, నువ్వు చేరిపోయావు కదా, ఇప్పుడు రాయనా అని. "మా చాప్టర్ పేరు మాత్రం రాయకండి" అంది, ఆపలేదు. జవాబు మర్యాదగానే వచ్చింది: విద్యార్థుల రికార్డుల గోప్యతని కాపాడే ఫెర్పా చట్టం ప్రకారం ఆ సమాచారం ఇవ్వలేమని. ఫెర్పా కాపాడేది మనుషుల వివరాల్ని. ఇరవైమంది వచ్చారు, పదకొండు మంది మిగిలారు అని చెబితే అందులో ఎవరి పేరు ఉంది? అదే అడుగుతూ రెండో మెయిల్ రాశాను. ఈసారి కాపీ విద్యార్థి వ్యవహారాల డీన్‌కీ, మా జిల్లా రాష్ట్ర సెనేటర్ ఆఫీసుకీ పెట్టాను. సెనేటర్ ఆఫీసు నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసి, ఆ రెండు జాబితాలు యూనివర్సిటీ దగ్గర నిజంగా ఉంటాయా అని అడిగింది. ఉంటాయన్నాను.